ఫోటోలో గెలిచిన ఆవకాయ

వ్యవసాయ ప్రదర్శన అన్నాక ఆవులు రాకూడదు. మనుషులు అసలే రాకూడదు! ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి మనకి ఒక మహమ్మారి కావలసి వచ్చింది.

నవ్వకండి, చాలా సీరియస్‌గా చెబుతున్నాను. మేముండేది ఐర్లాండులో, కార్లో పట్టణానికి పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక చిన్న ఊళ్లో. ఏటా ఆగస్టులో ఇక్కడ వ్యవసాయ ప్రదర్శన జరుగుతుంది. ఊరి జనం దాన్ని ముద్దుగా షో అంటారు. దాన్ని నడిపేది మా ఊరి యువ రైతుల క్లబ్. 1946లో పుట్టిన ఆ క్లబ్‌కి ఈ 2021లో డెబ్బై ఐదేళ్లు నిండాయి. ఆ చరిత్రనంతా షోలో పెద్ద టెంటు వేసి, బ్యాండు పెట్టి ఊరేగిద్దామనుకున్నారు. కోవిడ్ ఒప్పుకోలేదు. పోయినేడు షో లేనే లేదు, ఈ ఏడు షో మొత్తం ఆన్‌లైన్‌లోకి వెళ్లిపోయింది. ఊరంతా ఉసూరుమంటుంటే నేనొక్కణ్ణే పండగ చేసుకున్నాను.

ఎందుకంటారా? మీరెప్పుడూ షోకి వెళ్లలేదు కాబట్టి అడుగుతున్నారు! షో అంటే బురద. గడ్డి మైదానంలో కారు పెట్టాలి. పెట్టగానే అది దిగబడాలి. ట్రాక్టరు వచ్చి లాగాలి. లాగిన పెద్దమనిషితో వాతావరణం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలి. నెత్తిన కుండపోతగా కురుస్తుంటే ఆయన దాన్ని "సాఫ్ట్ డే" అంటాడు. చెవుల్లోంచి నీళ్లు కారుతున్న మీరు "గ్రాండ్, గ్రాండ్" అనాలి. ఇది ఇక్కడి మర్యాద.

మరి ఆన్‌లైన్‌లో? పైన కోటు, కింద లుంగీ, చేతిలో కాఫీ. సోఫాలో కూర్చుని పద్నాలుగు ఎద్దుల్ని చూశాను. ఒక్కటి కూడా నా కాలు తొక్కలేదు!

అందులో ఒక ఎద్దు గురించి చెప్పి తీరాలి. సరిగ్గా దాని వంతు వచ్చేసరికి యజమాని ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయింది. తెర మీద ఎద్దు నోరు తెరుచుకుని నాలుగు నిమిషాలు కదలకుండా నిలబడింది. ఇంత నెమ్మదైన పశువుని మేమెన్నడూ చూడలేదని జడ్జీలు దానికి కప్పు ఇచ్చారు. అదే ఎద్దు 2018లో జడ్జీని కంచె దాటించింది. టెక్నాలజీ పశువుల్లో కూడా ఎంత మార్పు తెస్తుందో చూశారా?

ఇక కోడిగుడ్లు. ఒకేలా ఉన్న మూడు కోడిగుడ్లు అని షోలో ఒక పోటీ ఉంటుంది. ఒట్టు, ఉంటుంది! వెనకటి రోజుల్లో జడ్జీ వచ్చి కళ్లద్దాలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ఒక గుడ్డు వెంట్రుకవాసి లావుగా ఉందని ముగ్గురు ముసలమ్మల్ని ఏడిపించేవాడు. ఈసారి ఫోటో పంపితే చాలన్నారు. ఒకావిడ ఒకే గుడ్డుని మూడుసార్లు ఫోటో తీసి పక్కపక్కన అతికించి పంపింది. అంత ఒకేలా ఉన్న గుడ్లు క్లబ్ చరిత్రలోనే లేవట. ఎలా ఉంటాయి మరి? ఇంకొకాయన తన ఉల్లిపాయ పక్కన మనవరాలి బొమ్మల టీ కప్పు పెట్టి ఫోటో తీశాడు. ఉల్లిపాయ గుమ్మడికాయంత కనబడింది. తాడు లాగే పోటీలో ఏ జట్టు వాళ్ల పొలంలో ఆ జట్టు, తాడుని చెట్టుకి కట్టి లాగారు. ఐదు జట్లలో ఒక్కటీ ఓడిపోలేదు. ఇంతకంటే సుఖాంతం ఎక్కడైనా ఉందా?

ఇవన్నీ సరే, అసలు లాభం చరిత్రకి జరిగింది. అది నా చేతుల మీదుగానే జరిగింది కాబట్టి గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకున్నా పర్వాలేదు.

క్లబ్ ప్రెసిడెంటు ఈఫా. ఇరవై నాలుగేళ్ల పిల్ల, నూట ఇరవై పాడి ఆవుల్ని ఒంటిచేత్తో సాకుతుంది. జూన్‌లో ఓ రోజు మా గుమ్మం ముందు రెండు మీటర్ల దూరంలో నిలబడి, "అనంత్, మీరు కంప్యూటర్స్ కదా, మా చరిత్రని ఆన్‌లైన్‌లో పెట్టేస్తారా?" అంది. భారతీయుడంటే డాక్టరైనా అయ్యుండాలి, కంప్యూటరైనా అయ్యుండాలని ఈ ఊరి నమ్మకం. మా ఇంట్లో రెండు రకాలూ దొరుకుతాయి. మా ఆవిడ చంద్రకళ కిల్కెన్నీ ఆసుపత్రిలో డాక్టరు. నేను ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. అంటే ఇతరులు చేసిన తప్పులు పట్టుకోవడం నా వృత్తి. చరిత్రకి ఇంతకంటే అర్హుడు ఎవడు?

మామూలుగా అయితే పాత ఫోటోలు టెంటులో వేలాడదీస్తారు. ఒక్కో ఫోటో ముందు ఎనభై ఏళ్ల 'యువ రైతులు' ఆరుగురు చేరి, అందులో గొర్రెని పట్టుకున్నవాడు ఎవడని సాయంత్రం దాకా కొట్లాడుకుంటారు. ఒకాయన మా అన్న అంటాడు, ఇంకొకాయన మీ అన్నకి అంత జుట్టెక్కడిది అంటాడు. గొర్రె ఎవరిదన్న దగ్గరికి వచ్చేసరికి టీ చల్లారిపోతుంది. ఆన్‌లైన్‌లో నేను ఆ గొడవని ఒక్క దెబ్బతో తేల్చేశాను. నూట ఎనభై ఫోటోల కిందా 'గుర్తు తెలియని యువకుడు' అని రాసేశాను. ఎవరూ కొట్లాడలేదు. జూమ్‌లో అందర్నీ మ్యూట్‌లో పెట్టడం వల్ల కొట్లాడినా వినపడలేదు. డెబ్బై ఐదేళ్ల చరిత్ర పదకొండు నిమిషాల్లో అయిపోయింది!

ఇప్పుడు నా స్వార్థం కూడా చెప్పేస్తాను. దాచుకోవడం ఎందుకు?

షోలో మొదటి బహుమతులు పొందినవారి పేర్లు ఊరి హాల్లో ఒక చెక్క బోర్డు మీద బంగారు రంగుతో రాస్తారు. 1946 నుంచీ ఉన్నాయి ఆ పేర్లు. ఆ బోర్డు మీద నా పేరు ఎక్కాలని నా కోరిక. ఆరేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, ఇక్కడి బురద నాకు తెలుసు, నేనంటే బురదకి తెలుసు. అయినా పోస్టాఫీసులో ప్రతి కొత్త మొహం "అసలు మీదే ఊరు?" అని అడుగుతూనే ఉంటుంది. బోర్డు మీద పేరుంటే వేలితో చూపించి ఊరుకోవచ్చు కదా!

కానీ నాకు ఎద్దు లేదు, గొర్రె లేదు. ఉన్నదల్లా ఆవకాయ. మాది తెనాలి. ఆవకాయ విషయంలో నా చేతికి తిరుగులేదని చంద్రకళే ఒప్పుకుంటుంది, ఇక మీకేమిటి? పోటీల పట్టికలో చట్నీలకి వేరే క్లాసు ఉంది. అందులో పెట్టమని చాలామంది చెప్పారు. ఆవకాయని చట్నీ అన్నానని తెలిస్తే మా మేనత్తలు నాతో మాట్లాడటం మానేస్తారు. అందుకని 'పండ్లతో చేసి నిల్వ ఉంచినవి' అనే క్లాసులో పెట్టాను. మామిడి పండ్ల జాతే కదా? నిల్వ ఉంటుంది కదా? తీరా చూస్తే ఆ క్లాసు అర్థం జామ్‌ అట. సరే, అయితే అయిందని అక్కడే భీష్మించుకుని కూర్చున్నాను.

ఆ క్లాసుకి నలభై ఏళ్లుగా ఒకరే జడ్జీ. ఫింటన్. ఇప్పుడు ఎనభై నాలుగేళ్లు. పద్దెనిమిదో ఏట క్లబ్‌లో చేరి, ప్రెసిడెంటై, పెళ్లాడి, భార్య పోయాక చర్చి వెనక రోడ్డు చివర ఒంటరిగా ఉంటున్నారు. ఈ క్లబ్‌కి మొదటి షో నుంచీ ఒక ఆచారం ఉంది. జడ్జీ ప్రతి సీసానీ రుచి చూడాలి, చూశాక చిన్న అట్టముక్క మీద సిరా పెన్నుతో తన మాట రాసి సీసా ముందు పెట్టాలి. గెలిచినవాడికీ రాయాలి, ఓడినవాడికీ రాయాలి. షో అయ్యాక ఆ కార్డులన్నీ ఏడాదికొక బిస్కెట్ డబ్బాలో పెట్టి దాస్తారు. డబ్బాలు ఫింటన్ దగ్గరే ఉంటాయి.

2016లో నా సీసా ముందు కార్డు: 'గడ్డకట్టలేదు.' 2017లో: 'ఇప్పటికీ గడ్డకట్టలేదు. పైన నూనె ఎందుకు?' 2018లో: 'పండు ఉడకలేదు. లోపల చెక్కలాంటిది తగిలింది.' ఆ చెక్కలాంటిది టెంక, మహాప్రభో! 2019లో ఇక విసిగిపోయి రెండే ముక్కలు రాశారు: 'జామ్ కాదు.' ఆ ఏడాదే ఇంకో ఘోరం జరిగింది. షో ముగిసేసరికి నా సీసా మాయం! పద్దెనిమిది సీసాల్లో నాదొక్కటే ఎవడో ఎత్తుకుపోయాడు. కమిటీ మీటింగులో లేచి నిలబడి, ఈ ఊళ్లో ఊరగాయకి భద్రత లేదా అని గర్జించాను. ఫింటన్ కూడా తల ఊపి చాలా అన్యాయమన్నారు.

అందుకే చెబుతున్నాను, ఆన్‌లైనే మేలు. ఫోటోలో ఉన్న సీసాని ఎవడు ఎత్తుకుపోగలడు?

ఈసారి చరిత్ర పని కోసం, కార్డులు స్కాన్ చేయడానికి, ఆ డబ్బాలన్నీ కావలసి వచ్చాయి. ఫింటన్ వాటిని తన ప్రహరీ గోడ మీద వరసగా పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి, మాస్కులోంచి ఒకటే మాట అడిగారు.

"డెబ్బై అయిదూ ఉండాలి. ఒక్క ఏడు కూడా ఖాళీ పోలేదు. ఈ ఏటి కార్డులు ఎప్పుడు ఇస్తావు?"

"ఈసారి కార్డులు లేవండీ. జడ్జీలు ఫోటోలు చూస్తారు, రిజల్ట్ ఈమెయిల్లో వస్తుంది."

"మరి రుచి?"

"ఫోటోలోనే తెలిసిపోతుందట."

ఆయన "గ్రాండ్" అన్నారు. ఇక్కడ ఆ మాటకి బాగుందని ఒక అర్థం ఉంటే, ఇక దాని గురించి మాట్లాడవద్దని పది అర్థాలు. నేను డబ్బాలు కారులో వేసుకుని వచ్చేశాను.

ఆగస్టు వచ్చింది. మా ఆవకాయ సీసాని కిటికీ దగ్గర పెట్టి, వెనక తెల్ల తువ్వాలు కట్టి, పక్కన ఓ గులాబీ పెట్టి ఫోటో తీశాను. ఎండ పడి ఎర్రగా మెరిసిపోయింది. రిజల్ట్ వచ్చినప్పుడు నేను గిన్నెలు కడుగుతున్నాను. మా అమ్మాయి లోహిత ఐర్లాండులోనే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం కార్లో ఊరి ఇంగ్లీషు యాసలోనే వస్తుంది. ఫోన్ పట్టుకుని మెట్ల మీంచి అరిచింది.

"డాడ్! యూ వన్ ద జామ్! ఇట్స్ నాట్ ఈవెన్ జామ్, లైక్!"

ఫస్ట్ ప్రైజ్! ఐదేళ్ల తపస్సు! తడి చేతులతోనే ఫోన్ లాక్కుని చూశాను. రంగురంగుల సర్టిఫికెట్. 'అభినందనలు, పార్టిసిపెంట్ నంబర్ 14. చక్కని స్ట్రాబెర్రీ రంగు, నిండైన పండు ముక్కలు, అమ్మమ్మ చేతి తీపిని గుర్తు చేసే జామ్.' ఎక్కడో వేరే కౌంటీలో కూర్చున్న ముగ్గురు జడ్జీల ఏకగ్రీవ నిర్ణయమట.

నైట్ డ్యూటీ నుంచి వచ్చి సోఫాలో వాలిన చంద్రకళకి చూపించాను. కళ్లు మూసుకునే అడిగింది.

"తీపా? ఆవపిండేసిన దాంట్లో తీపి ఎక్కణ్ణుంచొచ్చిందండీ?"

"ఫోటోలో అలా అనిపించిందట."

"పోన్లెండి. మా వార్డులో కూడా పేషెంట్లని వాళ్ల పిల్లలు ఐప్యాడ్‌లోనే చూసి, 'నాన్న బావున్నారు' అనుకుంటున్నారు" అని అటు తిరిగి పడుకుంది.

మనిషి అలసిపోయినప్పుడు ఏదో ఒకటి అంటుంది. నేను పట్టించుకోలేదు. పట్టించుకోలేదనే ఇక్కడ రాస్తున్నాను, మీరూ పట్టించుకోకండి. నా పేరు బోర్డు ఎక్కబోతోంది! ఎల్లుండి పెయింటరు వస్తాడని ఈఫా మెసేజ్ కూడా పెట్టింది.

ఆ సాయంత్రం లోహితని డబ్బాలు సర్దమన్నాను, తిరిగి ఇచ్చెయ్యాలి కదా. 2019 డబ్బా దగ్గర ఆగిపోయింది.

"డాడ్, డిడ్ యూ స్కాన్ ద బ్యాక్స్? దేర్స్ రైటింగ్ ఆన్ ద బ్యాక్స్."

వెనక వైపులా? ఇతరుల తప్పులు పట్టుకునే వృత్తిలో పంతొమ్మిదేళ్ల అనుభవం ఉన్న నేను, ఒక్క కార్డు కూడా తిప్పి చూడలేదు. సీసా ముందు పెట్టినప్పుడు వెనక వైపు ఎవరికీ కనపడదు. అక్కడ జడ్జీ తన కోసం రాసుకుంటాడన్నమాట.

నా 2016 కార్డు తిప్పాను. 'నీళ్లు మూడు గ్లాసులు.' 2017: 'రెండో చెంచా తీసుకున్నాను. ఎందుకో తెలియదు.' 2018: 'వచ్చే ఏడు బ్రెడ్డూ వెన్నా వెంట తెచ్చుకోవాలి.' 2019: 'తెచ్చుకున్నాను. సీసా సగమైంది. మిగతా సగం కోటు జేబులో ఇంటికి వచ్చింది. కమిటీకి చెప్పవద్దు.'

ఓరి దేవుడా! చాలా అన్యాయమని తల ఊపిన పెద్దమనిషే దొంగ!

కింద 2020 డబ్బా ఉంది. పోయినేడు షో జరగలేదు కాబట్టి అది ఖాళీ అనుకుని తెరవనే లేదు. లోపల ఒకే ఒక్క కార్డు. అదే సిరా, అదే చేతిరాత. 'ఈ ఏడు రుచి చూడటానికి ఏమీ రాలేదు. ఎవరూ రాలేదు.' వెనక్కి తిప్పాను. వెనక ఏమీ లేదు.

అయ్యా, అమ్మా, నేను ఇప్పటికీ ఆన్‌లైన్ పక్షమే. మాట తప్పే మనిషిని కాను. కాకపోతే ఆ కార్డు చూశాక నాకు ఏడుపొచ్చింది, అది వేరే విషయం. వంటింట్లో ప్రెస్ తెరిచాను. ప్రెస్ అంటే అల్మరా, ఇక్కడ ఉండి ఉండి మాకూ అదే మాట అలవాటైంది. అందులోంచి ఫస్ట్ ప్రైజ్ సీసా తీసుకుని, డబ్బాలన్నీ కారులో పెట్టుకుని చర్చి వెనక రోడ్డుకి వెళ్లాను.

ఫింటన్ గేటు దగ్గరికి వచ్చారు. గోడ మీద డబ్బాలు పెట్టి, చివర సీసా పెట్టాను. ఆయన డబ్బాలవైపు చూడలేదు. సీసా చూసి, వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయారు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. ఐదు నిమిషాలకి ట్రే పట్టుకుని వచ్చారు. బ్రెడ్డు, వెన్న, చెంచా. మూడు గ్లాసుల నీళ్లు.

"జామ్ క్లాసులో దీనికి ఫస్ట్ వచ్చింది" అన్నాను. ఆ మాట గొప్పగా అందామనుకున్నాను, తప్పు ఒప్పుకున్నట్టు వచ్చింది.

"ఎవరు రుచి చూశారు?"

"ఎవరూ చూడలేదు."

"మరి ఎలా ఇచ్చారు?"

"స్ట్రాబెర్రీ రంగు నచ్చిందట."

ఆయన మాస్కు తీసి కోటు జేబులో పెట్టుకున్నారు. వెన్న రాసిన బ్రెడ్డు మీద ఒక చెంచా ఆవకాయ వేసి, కళ్లు మూసుకుని కొరికారు. మెల్లగా ముఖం ఎర్రబడింది. ముక్కు కారింది, కళ్లు కారాయి. మొదటి గ్లాసు ఎత్తి దించారు, రెండోది సగం తాగారు. టెంక ముక్కని తీసి పళ్లెం అంచున గౌరవంగా పెట్టారు. నేను రెండు మీటర్ల అవతల పరీక్ష రాసిన కుర్రాడిలా నిలబడ్డాను. రెండేళ్లయింది, మా ఇంట్లోవాళ్లు కాకుండా ఒక మనిషి నా చేతి వంట తినగా చూసి. జూమ్‌లో ఎన్ని పుట్టినరోజులు చేశాం, ఎన్ని పండగలు చేశాం! ఒక్కడికైనా పొలమారిందా?

"ఉప్పు ఒక పిసరు ఎక్కువ పడింది, అనంత్."

"అవునండీ. ఈసారి రాళ్లుప్పు దొరకలేదు."

"పోయినసారి బాగుంది" అని, ఆ మాట నోరు జారి అన్నానని తెలుసుకుని, చూపు తప్పించి దగ్గారు. నేనేమీ వినలేదన్నట్టు చర్చి గంటవైపు చూశాను. కమిటీకి చెప్పవద్దు కదా.

అప్పుడు ఆయన లోపలి జేబులోంచి ఒక అట్టముక్క తీశారు. తయారుగా కోసి పెట్టుకున్నారు, ఎన్నాళ్లుగా పెట్టుకున్నారో తెలియదు. సిరా పెన్ను మూత పళ్లతో తీసి, గోడ మీద ఆనించి రాసి, ఆరేదాకా ఊది, నావైపు తిప్పి చూపించారు.

'ఇది ఇప్పటికీ జామ్ కాదు. ప్రైజ్ లేదు.' పైన తేదీ, పక్కన నా పూర్తి పేరు, అక్షరం తప్పు పోకుండా. పార్టిసిపెంట్ నంబర్ 14 అని లేదు.

అక్కడే నిలబడి ఈఫాకి మెసేజ్ పెట్టాను, పెయింటర్ని రావద్దని చెప్పమని. ఆ సర్టిఫికెట్‌ని ఆ ముగ్గురు జడ్జీలకే వెనక్కి పంపించేస్తున్నాను, ఫ్రేము కట్టించుకుంటారో స్ట్రాబెర్రీలే పెంచుకుంటారో వాళ్ల ఇష్టం. కమిటీవారికి ఈ కాలమ్ ముఖంగా నా విన్నపం కూడా ఒక్కటే. వచ్చే ఏడు బురద కావాలి. కారు దిగబడాలి. ఎద్దు నా కాలు తొక్కినా అభ్యంతరం లేదు. నన్ను ఓడించడానికి మాత్రం నోరున్న మనిషిని పెట్టండి.

ఫింటన్ 2021 అని రాసి ఉన్న కొత్త డబ్బా తెచ్చి, మూత తీశారు. కార్డు అందులో వేసేముందు వెనక్కి తిప్పి, నాకు కనపడకుండా ఒక చేయి అడ్డం పెట్టుకుని, చాలాసేపు ఏదో రాసుకున్నారు. ఏం రాశారో అడగలేదు.

సీసా మాత్రం తిరిగి ఇవ్వలేదు.